అటక మీద ఇంటిగ్రేషన్

ఇది ఒక మహాసంగ్రామ గాథ. ఇందులో ఎత్తయిన దుర్గముంది. దుర్గంలో దాచిన అస్త్రాలున్నాయి. తెల్లవారేసరికి ద్వారం ముందు మోహరించిన సేనలున్నాయి. ప్రతిజ్ఞ పూనిన వీరనారి ఉంది, ఆమె పక్కనే నిలబడి చివరిదాకా పోరాడిన నేనున్నాను. ఇక్కడిదాకా చదివి కుర్చీలో ముందుకు జరిగినవాళ్ళు దయచేసి మళ్ళీ వెనక్కి జరగండి. దుర్గమంటే మా తాతయ్యగారి పెంకుటింట్లో వంటింటి మీదుండే కొబ్బరికాయల అటక. సేనలంటే కాయలు ఒలవడానికి వచ్చిన కూలీలు. వీరనారి మా పిన్ని సత్యవేణి. ఆవిడ పూనిన ప్రతిజ్ఞ, ఇంటర్మీడియట్ రెండో ఏడాది లెక్కలు 'బి' పేపరు ఈసారన్నా పాసవ్వాలని. నేను పోరాడానన్న మాట కూడా పూర్తిగా నిజం కాదు. ఎక్కువసేపు నిచ్చెన పట్టుకున్నాను.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మొన్న ఆ అటక విప్పేశారు. ఇల్లు డాబా అవుతోంది. పెంకులు దించి దూలాలు విప్పుతుంటే గోడకీ దూలానికీ మధ్య సందులో ఇరుక్కున్న కొబ్బరికాయ ఒకటి బయటపడింది. పనిచేస్తున్నతను దాన్ని పైనుంచే చూపించి, "అమ్మా, దీని మీదేదో రాసుందండి, పారేసెయ్యమంటారా?" అన్నాడు. "వద్దూ!" అని నేనూ పిన్నీ ఒకేసారి అరిచాం. ఆ అరుపుకి గోడలో బంగారం దొరికిందనుకొని ఎదురింటివాళ్ళు బయటికొచ్చారు. కాయను చూశారు, మమ్మల్ని చూశారు, లోపలికి వెళ్ళి తలుపేసుకున్నారు. కోనసీమలో కొబ్బరికాయ దొరికిందని కేకలు పెట్టేవాళ్ళను చూసి ఇంకేం చేస్తారు?

మా అమ్మానాన్నలు మస్కట్‌లో ఉండేవారు. నేను అంబాజీపేట దగ్గర మా అమ్మమ్మగారింట్లో ఉండి, అమలాపురం కాలేజీకి బస్సులో వెళ్ళి చదువుకునేదాన్ని. ఆ ఇంట్లో అన్నిటికీ కొబ్బరి వాసనే. బట్టలకి, పుస్తకాలకి, మంచినీళ్ళ బిందెకి, చివరికి దేవుడి పటాలకి కూడా. పొద్దున్నే పెరట్లో, కాయల మీంచి ఒలిచిన కొబ్బరి డొక్కలు రాజేసి అమ్మమ్మ వేణ్ణీళ్ళ కాగు పెట్టేది. ఆ పొగ వాకిలిదాకా వచ్చి మమ్మల్ని నిద్రలేపేది. గడియారం అవసరం పడేది కాదు. స్నానాలయ్యాక అమ్మమ్మ అరుగు మీద కూర్చొని తాంబూలం వేసుకునేది. తాతయ్య పడక్కుర్చీలో కూర్చొని, అంబాజీపేట మార్కెట్లో కాయ ధర ఎంతుందో దారినపోయే ప్రతివాడినీ అడిగేవారు. వాళ్ళు చెప్పాక, "అంతేనా?" అని నిట్టూర్చేవారు. ధర పెరిగినా అదే నిట్టూర్పు. తగ్గినా అదే.

తాతయ్యది కురిడీ వ్యాపారం. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. ముదిరిన కాయల్ని ఒలవకుండా అటక మీద పోసి, నెలల తరబడి అలాగే వదిలేస్తే, కింద వంటింటి సెగకి లోపలి నీరు ఇంకిపోయి, కొబ్బరి చిప్పను వదిలేసి గుండులా తయారవుతుంది. అదే కురిడీ. ఉత్తరాదిలో పెళ్ళిళ్ళకీ పూజలకీ అది లేకపోతే కుదరదట. తాతయ్య కాయను చెవి దగ్గర పెట్టుకొని ఊపి చూసేవారు. నీళ్ళు కదిలితే కాయ ఇంకా తయారవలేదన్నట్టు, గలగలమంటే తయారైనట్టు. ఆయన ఈ పరీక్షను కాయలతో ఆపకుండా మనుషుల మీద కూడా ప్రయోగించేవారు. మా పిన్ని లెక్కల్లో తప్పిన ప్రతిసారీ ఆవిడ తలకేసి చూసి, "ఇంకా నీళ్ళున్నాయే దీని బుర్రలో" అనేవారు. అలా ఆయన అనడం, పిన్ని కంచం ముందునుంచి లేచిపోవడం, అమ్మమ్మ మజ్జిగ పోసి బతిమాలడం, మా ఇంట్లో ఫలితాలొచ్చిన ప్రతిసారీ జరిగే కార్యక్రమం.

పిన్నికీ నాకూ వయసులో పెద్ద తేడా లేదు. అక్కచెల్లెళ్ళలా కొట్టుకునేవాళ్ళం, పిన్ని కాబట్టి చివర్లో నేనే తగ్గేదాన్ని. ఆవిడ మిగతా పేపర్లన్నీ ఎప్పుడో పాసైపోయింది. ఈ ఒక్క పేపరూ ముల్లులా మిగిలిపోయింది. అది కూడా రాకపోవడం వల్ల కాదు. ఇంట్లో అడిగితే అన్నీ చెప్పేది. పరీక్ష హాల్లో ఎదురుగా ఎవరో ఒకరు నిలబడి చూస్తున్నారనిపించగానే బుర్ర ఖాళీ. ఖాళీ కానప్పుడు ఇంకో జబ్బు. ఇంటిగ్రేషన్ లెక్క అంతా చక్కగా చేసి, చివర్లో కలపవలసిన 'ప్లస్ సి' వదిలేసేది. ఆ సి అనేది స్థిరరాశి, అది లేకపోతే జవాబు పూర్తి కాదు. ట్యూషన్ మాస్టారు ఆవిడ కాగితం చూసినప్పుడల్లా, "అంతా బానే ఉంది. సి ఏదమ్మా?" అనేవారు. ఒకసారి మమ్మల్ని తీసుకెళ్ళడానికి వచ్చిన తాతయ్య చెవిన ఆ మాట పడింది. అంతే, లెక్కల శాస్త్రమంతటిలో ఆయనకి తెలిసిన ఏకైక విషయం అదే అయిపోయింది. పప్పులో ఉప్పు తక్కువైతే "సి ఏదే?" మంచం మీద దుప్పటి లేకపోతే "సి ఏదే?" పాపం, వాడకంలో ఆయన ఎప్పుడూ తప్పు చేయలేదు.

ఆ ఏడు నేనూ రెండో సంవత్సరమే. నాకు మొదటిసారి, పిన్నికి ఎన్నోసారో ఇంట్లో లెక్కపెట్టడం మానేశారు. తాతయ్య తేల్చి చెప్పేశారు. "ఇదే ఆఖరు. పాసయ్యేవా, టీచర్ ట్రైనింగుకి పంపుతాను. లేదా, కుట్టుమిషను." ఇది బెదిరింపని మేమనుకునేలోపే మిషను నిజంగా ఇంటికి వచ్చేసింది. నడవలో ఒక మూల పెట్టి, దాని మీద తువ్వాలు కప్పారు. పిన్నికి కుట్టుపనంటే పడదు. సూదిలో దారం ఎక్కించమంటే సూదినీ దారాన్నీ కూడా తిట్టేది. కానీ ఊళ్ళో వాళ్ళకి తాతయ్య మాట మీద ఎంత నమ్మకమంటే, ఫలితాలు కాదు, ఇంకా పరీక్షలే రాకముందు, పక్కింటి రాజ్యంగారు జాకెట్టు గుడ్డ తెచ్చి మిషను మీద పెట్టి, "ఖాళీ అయ్యేకే కుట్టమ్మా, తొందరేం లేదు" అని వెళ్ళింది. పిన్ని ఆ గుడ్డను చూసిన చూపు నాకింకా గుర్తే. పుస్తకం తీసుకొని నేరుగా అటకెక్కేసింది.

అటకెక్కడానికి ఇంకో కారణం కూడా ఉంది. కింద టీవీ, వచ్చేపోయే షావుకార్లు, అమ్మమ్మ కేకలు. పైన మాత్రం కాయలు. వరసలు వరసలుగా, గోధుమరంగు పెచ్చులతో, నోరు మూసుకొని కూర్చున్న కాయలు. పెంకుల్లో బిగించిన గాజుపలక గుండా ఒక ఎండ చార పడేది. వెచ్చగా, కమ్మగా వాసన. పిన్ని అక్కడ కూర్చొని, ఒక కాయను చూసి, "వీళ్ళంతా నన్ను చూస్తున్నారే" అంది. "చూడనీ. ఇన్విజిలేటర్లనుకో. వీళ్ళయితే కాఫీకి కూడా వెళ్ళరు" అన్నాను. ఆవిడ నవ్వలేదు. ఆలోచించింది. కిందకి దిగి, అమ్మమ్మ తాంబూలం పెట్టెలోంచి ఇంత సున్నం, చీపురులోంచి ఒక పుల్ల పట్టుకొచ్చింది. ఎండిన డొక్క మీద సున్నంతో రాస్తే పలక మీద రాసినట్టే తెల్లగా పడింది. కాయ ముందువైపు ప్రశ్న, తిప్పితే వెనకవైపు జవాబు. ఒక కాయకి ఒక సూత్రం.

ఆ రోజునుంచి మా ఇద్దరికీ పిచ్చి పట్టింది. నిచ్చెన దగ్గర వృత్తాలు. అవి దాటితే పరావలయాలు, దీర్ఘవృత్తాలు. ఎండ చార పడేచోట ఇంటిగ్రేషన్, ఎందుకంటే దానికి వెలుగు కావాలి. చూరు వారన, నడుం వంచి పాకాల్సిన చోట అవకలన సమీకరణాలు. వాటికి ఆ శిక్ష సరైనదే. నేను నిచ్చెన మీద నిలబడి "పరావలయానికి స్పర్శరేఖ!" అని అరిస్తే, పిన్ని పిల్లిలా పాకి సరైన కాయ దగ్గరికి వెళ్ళి, జవాబు చెప్పి, కాయ తిప్పి చూసుకునేది. తప్పైతే నెత్తిన కొట్టుకునేది. ఒప్పైతే నా నెత్తిన కొట్టేది. పుస్తకం చూస్తే ఏడుపొచ్చే మనిషి, అన్నం మానేసి అటక మీదే ఉండటం మొదలుపెట్టింది. నాకూ ఎప్పుడు తెల్లారుతుందా, ఎప్పుడెక్కుదామా అనిపించేది. చదువు మీద అంత ఉత్సాహం నాకు ముందెప్పుడూ లేదు, తరవాతా రాలేదు.

ఒక్కటే చిక్కు. పడుకోబెట్టిన కాయను కదిలిస్తే కురిడీ చెడుతుందని తాతయ్య సిద్ధాంతం. కింద పడక్కుర్చీలో కునుకు తీస్తూ కూడా పైన కాయ దొర్లిందంటే పట్టేసేవారు.

"ఎవరది? ఏ కాయ కదిలింది?"

"అతిపరావలయం తాతయ్యా!"

"ఎలకేమో అనుకున్నాను" అని మళ్ళీ కళ్ళు మూసుకునేవారు. అమ్మమ్మ మాత్రం రోజూ సున్నం డబ్బా తెరిచి, "ఈ కొంపలో సున్నం తినేస్తున్నదెవరే?" అని ఇంటిల్లిపాదినీ అనుమానంగా చూసేది.

కాయలు ఇంకా చాలాకాలం అటక మీదే ఉంటాయని మా ధీమా. పరీక్ష మర్నాడనగా పొద్దున్నే ధర పెరిగింది. తాతయ్య జీవితమంతా ఎదురుచూసిన పెరుగుదల అది. అంబాజీపేట నుంచి షావుకారు మనిషి కాఫీ తాగడానికొచ్చి, కాఫీ అయ్యేలోపు అటకంతా కొనేశాడు. మేం స్నానాలు చేసి వచ్చేసరికి వీధిలో లారీ, వాకిట్లో పాతిన గునపాలు, వాటి ముందు ఒలుపు కూలీలు. పైనుంచి బుట్టల్లో దిగుతున్నాయి, వృత్తాలు.

"నాన్నా! నా పరీక్ష!" అంది పిన్ని.

"పరీక్ష రేపు కదే. ధర ఇవాళ" అన్నారు తాతయ్య.

ఒలుపు మేస్త్రి గంగరాజు మొదటి కాయ తీసుకొని గునపం మీద పెట్టబోయి ఆగిపోయాడు. అటూ ఇటూ తిప్పాడు. ఇంకో కాయ తీశాడు. దాన్నీ తిప్పాడు. రెండూ జాగ్రత్తగా నేల మీద పెట్టి, చేతులు తువ్వాలుతో తుడుచుకొని నాలుగడుగులు వెనక్కి వేశాడు. అతన్ని చూసి మిగతావాళ్ళూ వేశారు.

"బాబుగారండీ, ఈ కాయలు మేం ముట్టుకోవండి."

"అదేంట్రా?"

"అచ్చరాలయితే నేను సదువుతానండి. ఇవి అచ్చరాలు కావండి. ఇదిగో, ఇది చూడండి, పాము పడగెత్తినట్టు లేదాండి? పక్కన ఆ ఇనప కొక్కేం లాంటిదేంటండి? అన్నీ సున్నంతో రాసున్నాయండి. కాయ కాయకీ ఉందండి. మా ఇళ్ళల్లో పిల్లలున్నారండి, ఆయ్."

అప్పుడు చూశాం మేం, మా కాయల్ని బయటి మనుషుల కళ్ళతో. అటక మీద అవి సూత్రాలు. వెలుగులో, గుట్టగా పోస్తే, మీరు కూడా ముట్టుకునేవారు కారు. షావుకారు మనిషి కాఫీ గ్లాసు కింద పెట్టేసి, "చేతబడి కాయలని పేరు పడితే ఉత్తరాదిలో ఎవడు కొంటాడండి? బేరం లేదనుకోండి" అని చెప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టాడు. అమ్మమ్మ మాత్రం కాయ మీద తెల్లమరకను గోటితో గీకి, రుచి చూసి, "ఓసి మీ దుంపతెగా! నా సున్నం!" అంది. ఆవిడ సమస్య అక్కడితో తీరిపోయింది. తాతయ్యది మొదలైంది. ఆయన మొహంలో రంగు పోయింది. ఏడాది పంట వాకిట్లో గుట్టగా పడుంది, లారీ వెళ్ళిపోతానని హారను కొడుతోంది.

"లెక్కలండీ అవి!" అని నేను అరిచాను. "ఒట్టు! లెక్కలు!"

"లెక్కలయితే అంకెలుండాలి కదండి" అన్నాడు గంగరాజు. చాలామంది విద్యార్థులు అడగవలసిన ప్రశ్న అది.

పిన్ని ముందుకెళ్ళింది. "గంగరాజుగారూ, మీరు కాయ చూపించండి. అదేంటో నేను చెబుతాను. చెప్పినవి ఒలవండి. చెప్పలేనిది ఉంటే ఒలవకండి."

గంగరాజు తాతయ్యవైపు చూశాడు. తాతయ్య తలాడించారు. మొదటి కాయ ఎత్తాడు. "వృత్తానికి స్పర్శరేఖ పొడవండి" అంటూ పిన్ని సూత్రం చెప్పింది. అతను కాయ తిప్పి వెనక చూశాడు. ఏం చూశాడో దేవుడికే తెలియాలి గానీ, "ఆయ్" అని గునపం మీద పొడిచాడు. డొక్క చర్రుమని చీలింది. కాయ లోపల గలగలమంది. ఇంకో కాయ. ఇంకోటి. పరావలయం, ఆయ్, చర్రు! దీర్ఘవృత్తం, ఆయ్, చర్రు! మిగతా కూలీలు కూడా కాయలు పట్టుకొని ఆవిడ ముందు వరసలో నిలబడ్డారు. "నాదేంటండి అమ్మాయిగారూ?" "నాది చూడండి ముందు!" రాజ్యంగారు గోడ మీదుగా చూస్తోంది. దారినపోయేవాళ్ళు సైకిళ్ళాపారు. పరీక్ష హాల్లో ఒక్క మనిషి చూస్తేనే నోరు పడిపోయే మా పిన్నిని ఊరు ఊరంతా చూస్తోంది, ఆవిడ చెబుతూనే ఉంది! నేను గంతులు వేస్తున్నాను. ఎందుకో కూడా తెలీదు. మధ్యలో ఒక కాయ మీద "తాతయ్య గురక = అనంతం" అని వచ్చింది. అది నా రచన. గంగరాజు దాన్ని చక్కగా పైకి చదివి, "ఇది నిజవేనండి" అని ఒలిచేశాడు.

గుట్ట తగ్గిపోతుండగా పడగెత్తిన పాము కాయ, అంటే ఇంటిగ్రేషన్ గుర్తున్న కాయ, వచ్చింది. దాన్ని అందరూ చివరిదాకా పక్కన పెట్టారు. గంగరాజు దూరంగా పట్టుకొని, "ఇదండి" అన్నాడు. పిన్ని చూసింది. నోరు తెరిచింది. మాట రాలేదు. ఆ మొహం నాకు తెలుసు. అది పరీక్ష హాలు మొహం. గంగరాజు కాయను నెమ్మదిగా కింద పెట్టబోయాడు. షావుకారు మనిషి చెప్పులు వేసుకున్నాడు. లారీ ఇంకోసారి హారను కొట్టింది. నేను జవాబు చెప్పేద్దామనుకున్నాను. నాకూ గుర్తు రాలేదు.

పడక్కుర్చీలోంచి తాతయ్య గట్టిగా అన్నారు, "సి ఏదే?"

పిన్ని గిరుక్కున తిరిగి ఆయన్ని చూసింది. కోపమో, నవ్వో. "చెబుతున్నాను కదా! ఒకటి బై ఏ, టాన్ ఇన్వర్స్ ఎక్స్ బై ఏ, ప్లస్ సి! సి! సి!" అంది, ఊరంతా వినబడేలా.

"ఆయ్" అన్నాడు గంగరాజు. చర్రు!

షావుకారు మనిషి చెప్పులు విప్పేశాడు. తాతయ్య ఒలిచిన ఆ కాయ తీసుకొని చెవి దగ్గర పెట్టుకొని ఊపారు. తరవాత పిన్ని తలకేసి చూశారు. నడవలోకెళ్ళి, మిషను మీదున్న జాకెట్టు గుడ్డ తీసి, గోడ మీదుగా రాజ్యంగారికి ఇచ్చేసి వచ్చారు. పరీక్ష రాయకముందే.

మర్నాడు పిన్ని హాల్లోంచి బయటికొచ్చి, "ప్రశ్న చదివినప్పుడల్లా గునపం చప్పుడు వినిపించిందే" అంది. పాసైంది. టీచర్ ట్రైనింగుకి వెళ్ళింది. కొత్తపేట దగ్గర బడిలో లెక్కలు చెబుతోంది ఇప్పటికీ. నా మార్కుల సంగతి అడక్కండి, ఈ కథ నాది కాదని ముందే చెప్పాల్సింది. పిన్ని బడి పిల్లలకి ఇప్పుడు ఫోనులో పాఠాలున్నాయి, ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు వెనక్కి తిప్పి చూసుకోవచ్చు. మా అటక పాఠాలు ఒక్కసారే నడిచాయి, ఆ పొద్దున డొక్కలైపోయాయి. ఏది మేలంటే, ఫోనే. సందేహం లేదు. దానికి నిచ్చెన అక్కర్లేదు. కానీ ఫోను చేతిలో పట్టుకొని గంతులేసిన పిల్లను నేనింకా చూడలేదు.

మొన్న దొరికిన కాయను పిన్ని కొంగుతో తుడిచింది. సున్నం రంగు మారినా అక్షరాలు తెలుస్తున్నాయి. సైన్ ఎక్స్ ఇంటిగ్రేషన్, తిప్పితే మైనస్ కాస్ ఎక్స్. ఆవిడ రాతే. ఇద్దరం ఒకేసారి చూశాం. సి లేదు. తాతయ్య ఉంటే అడిగేవారు. పడక్కుర్చీ ఉండే చోట ఇప్పుడు సిమెంటు బస్తాలున్నాయి. పిన్ని కాసేపు అటే చూసి, చేతిసంచీలోంచి సుద్దముక్క తీసి, కాయ మీద ప్లస్ సి కలిపింది. నేను దాన్ని చెవి దగ్గర పెట్టుకొని ఊపాను. ఏ చప్పుడూ లేదు. ఒలిచి పగలగొట్టి చూస్తే లోపల నల్లటి పొడి. ఇంత పాత కాయ దేనికీ పనికిరాదు. డొక్కను మాత్రం పెరట్లో వేణ్ణీళ్ళ కాగు కింద పెట్టాం. చెమ్మ పట్టిన డొక్క సరిగా మండదు. ఆ పూట నీళ్ళు గోరువెచ్చగానే కాగాయి.